ముద్ర పడిన స్టాంపులు

మా మామకు స్టాంపుల పిచ్చి అని శాంతి నగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. పిచ్చి ఉన్నవాడు రకరకాలవి వెతుకుతాడు. ఆయన పాత బట్టల శాంపిల్ పుస్తకంలో అతికించినవన్నీ ఒకే బొమ్మ ఉన్న ఐదు రూపాయల స్టాంపులు.

అవన్నీ మా ఆడబిడ్డ ఉత్తరాలవి. తనకు నచ్చినవాణ్ని చేసుకుని వెళ్లిపోయిందని మామ ఆమె పేరెత్తడం మానేశాడు. ఉత్తరం వస్తే స్టాంపున్న మూల మాత్రం కత్తిరించి, గిన్నెడు నీళ్లలో నానబెట్టి, గుడ్డముక్క మీద ఆరేసేవాడు. మిగతాది చదవకుండానే మా మగ్గాల కింద పోగయ్యే చిందీ పీలికల బస్తాలో పడేసేవాడు.

"అన్నీ ఒక్క తీరే ఉన్నయి గదా మామా, గిదేం కలెక్షన్?" అన్నాను ఒకసారి.

"బొమ్మ కాదు బిడ్డా, ముద్ర జూడు."

చూశాను. సూరత్, ఆ తర్వాత మాలెగావ్, ఆ తర్వాత ఇచల్‌కరంజి. అన్నీ మగ్గాల ఊళ్లే. అందుకే తపాలా ముద్ర సరిగా పడకపోతే ఆయన విసుక్కునేవాడు. నిండిన బస్తాలను చిందీ కొనేవాడికి తూకం వేయించింది నేనే.

మామ పోయినప్పుడు ఆమెకు కబురు పంపుదామంటే చిరునామా లేదు. ఊరి పేరైనా దొరుకుతుందని పుస్తకం తెరిచాను. చివరి స్టాంపు మీద ముద్ర స్పష్టంగా ఉంది. భివండీ. మా వాడలో సగం మంది బతకబోయిన ఊరు. తారీఖు ఆయన మంచాన పడకముందుది.

ఆ ముద్ర చూశాక కూడా ఆయన ఆ ఉత్తరాన్ని చదవకుండానే బస్తాలో వేశాడా?