కనకత్త అల్లిన చలికాలాలు

అటక మీది ట్రంకుపెట్టె దించి మూత తీయగానే డాంబర్ గోలీల వాసన గుప్పుమంది. పక్కగదిలోంచి మా ఆయన పెద్దగా తుమ్మి, "మొదలైందా!" అన్నాడు. దసరా వెళ్లిపోయినా రామగుండంలో ఇంకా ఫ్యాన్లు ఆగలేదు. నేను మాత్రం మంచం నిండా ఊలు ఉండలు పరుచుకుని కూర్చున్నాను. స్వెట్టరుకు సరిపోయేవి ఒక పక్క, టోపీలకు సరిపోయేవి ఒక పక్క, పురుగు కొట్టినవి విడిగా. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు కనకత్త గుర్తుకొస్తుంది. కొందరి దగ్గర మల్లెపూల వాసన వస్తుంది, కొందరి దగ్గర పోపు వాసన వస్తుంది. కనకత్త దగ్గర ఏడాది పొడుగునా డాంబర్ గోలీల వాసనే వచ్చేది.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. సెంటినరీ కాలనీలో మా క్వార్టరు గోడా వాళ్ల క్వార్టరు గోడా ఒకటే. ఆమె భర్త రాయమల్లు మామ, మా నాన్న ఒకే బొగ్గుగనిలో పనిచేసేవాళ్లు. కనకత్తది మంథని దగ్గర పల్లె. పెళ్లయ్యేదాకా ఊలు మొహం చూసిన మనిషి కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో రామకృష్ణాపూర్‌లో పక్కింటి హిందీ ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకుంది. ఆవిడకు తెలుగు రాదు, ఈమెకు హిందీ రాదు. సూది ముందు నుంచి వెళితే సీదా, వెనక నుంచి వెళితే ఉల్టా. ఆ రెండు మాటలతోనే చదువంతా పూర్తయింది. ఆ తర్వాత లోకంలోని సమస్తాన్నీ కనకత్త ఆ రెండు మాటలతోనే తేల్చేసేది. మా వీధిలో ఎవరి అల్లుడు సీదానో, ఎవరి కోడలు ఉల్టానో ఆమెను అడిగితే తెలిసిపోయేది.

మే నెలలో కూలరు ముందు కూర్చుని, ఒళ్లో ఊలు పోసుకుని అల్లుతుంటే చూసేవాళ్లకే చెమటలు పట్టేవి. "గీ ఎండలల్ల ఏందత్తా గిది?" అని అడిగితే, "చలి వచ్చినంక అల్లుతే చలి పోయినంక తొడుక్కుంటరు" అనేది. నవ్వినవాళ్లే డిసెంబరులో, మంచు కమ్మిన రోడ్డు మీద మొదటి షిఫ్టుకు బండ్లేసుకుని వెళ్లే ముందు, పళ్లు టకటకలాడిస్తూ ఆమె గుమ్మంలో నిలబడేవాళ్లు.

కొత్త ఊలు ఆమె ఎక్కువ కొనేది కాదు. దసరా పోగానే ఇల్లిల్లూ తిరిగి పాత స్వెట్టర్లు పోగుచేసి, విప్పి, ఉతికి, వదులు చుట్టలుగా చిలపలు కట్టి దండెం మీద ఆరేసేది. తెల్ల ఊలు మాత్రం ముట్టేది కాదు. "బొగ్గు గాలికి వారంల బూడిదరంగు అయితది. బూడిదరంగుదే అల్లుకుంటే ఆ వారం గూడ ఫికర్ ఉండది" అనేది. ఆరిన ఊలునంతా ఉండలు చుట్టి పెద్ద బియ్యం డ్రమ్ములో సర్దేది. ఆ సర్దడం రంగుల లెక్కన కాదు, మనుషుల లెక్కన. ఇది మీ నాయిన, ఇది ఎదురింటి సుశీల, అడుగున ఉన్నది లెక్కల సారు. ఒక ఏడు ఆ లెక్కల సారు తన నీలి మఫ్లరును మా తమ్ముడి వీపు మీద గుర్తుపట్టి, "ఇది నాది కదా!" అని వీధిలోనే నిలదీశాడు. కనకత్త తొణకలేదు. "మీదే సార్. కని గిప్పుడు అందుల పిలగాడు ఉన్నడు. పిలగాన్ని గూడ తీస్కపోతరా?" అంది. ఆయన తమ్ముణ్ని పైనుంచి కిందిదాకా చూసి, వద్దని వెళ్లిపోయాడు.

నేను ఇంటరులో లెక్కలు తప్పినప్పుడు బయటి మొహం చూడటం మానేశాను. ఎవరు వచ్చినా వంటింట్లో దూరేదాన్ని. అమ్మ బతిమాలింది, నాన్న కేకలేశాడు. ఒక మధ్యాహ్నం కనకత్త సరాసరి వంటింట్లోకే వచ్చి, "పిల్లా స్వరూపా, నాకు నీ రెండు చేతులు కావాలె. మిగిలిన నిన్ను ఏం చేసుకుంటవో నీ ఇష్టం" అంది. వెళ్లాను. నా చేతులు చాపించి వాటికి చిలప తగిలించి, తాను ఎదురుగా కూర్చుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. అలా దొరికిపోయాను. వచ్చినవాళ్లెవరైనా "ఏం బిడ్డా, గిట్లయిపాయె?" అని ఎత్తుకోగానే, "దాని చేతులు ఖాళీ లేవు, నోరు గూడ ఖాళీ లేదు. చాయ్ తాగి పోండ్రి" అని ఆమే జవాబు చెప్పేది. పరీక్ష మాట తాను మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. నెమ్మదిగా నా చేతికి సూదులొచ్చాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే ఇల్లు అదిరి, బల్ల మీది ఉండలు మంచం కిందికి దొర్లిపోయేవి, ఇద్దరికీ లెక్క తప్పేది. గనివాళ్లను నోరారా తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

ఆ చలికాలమే రాయమల్లు మామ తోటి పనివాళ్లతో కలిసి కాశీకి బయలుదేరాడు. అక్కడి చలి ఎముకలు కొరుకుతుందని ఎవరో చెప్పారట. తొందరగా తెమలాలని వెనక భాగం, మెడ నాకు అప్పగించి, ముందు భాగం, చేతులు కనకత్త తీసుకుంది. నాకేమో ఒక్క ముడి జారినా మళ్లీ తప్పుతానన్న భయం. ఊలు బిగించి బిగించి లాగేదాన్ని. ఆమేమో వచ్చేపోయేవాళ్లందరితో ముచ్చట్లు పెడుతూ, పకపకా నవ్వుతూ వదులు వదులుగా అల్లేది. రెండూ కలిపేసరికి ముందు భాగం గోనెసంచిలా వేలాడింది, వెనక భాగం అట్టలా నిలబడింది. చేతులు అతికించడం స్టేషనుకు వెళ్లే ఆటోలో పూర్తయింది.

ప్లాట్‌ఫారం మీద మామ తొడుక్కోబోయాడు. చేతులు దూరాయి, తల దూరలేదు. రెండు చేతులూ పైకెత్తి, ముఖం లోపలే ఉండిపోయి, ఆయన అలాగే నిలబడ్డాడు. స్నేహితులు తలో వైపు లాగుతున్నారు. ఇంతలో రైలు కూత వినబడింది.

"బండి వచ్చిందా?" స్వెట్టరు లోపలి నుంచి అడిగాడు మామ.

"వచ్చింది!"

"ఏ దిక్కున్నది?"

ఆయనను తిప్పి, నెట్టి, అలాగే పెట్టె ఎక్కించారు. రైలు కదిలాక కిటికీలో ఆయన తల టక్కున బయటపడింది. జుట్టంతా నిక్కబొడుచుకుంది, ఒక చెవి మడతపడి ఉంది. చెయ్యి ఊపుతున్నాడు. కనకత్త నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఎందుకేడుస్తవే? మెడ నువ్వు అల్లినవు, తలకాయ వాళ్లమ్మ కన్నది. తప్పు ఇద్దరి మీద సగం సగం" అంది.

మామ తిరిగొచ్చినప్పుడు స్వెట్టరు ఒంటి మీదే ఉంది. కాకపోతే ముందు భాగం మోకాళ్లదాకా దిగింది. వెనక భాగం నడుము దగ్గరే ఆగిపోయింది.

"గంగల గూడ దీంతోనే మునిగినవా?" అని అడిగింది కనకత్త.

"విప్పితే మళ్ల ఎక్కుతదా? అందుకే విప్పలే" అన్నాడు మామ. "కని చలి మాత్రం పెట్టలే. అక్కడి పంతులు గూడ అడిగిండు, ఇది ఏ దేశపు డ్రెస్సని."

నేను కత్తెర తెస్తానంటే కనకత్త ఒప్పుకోలేదు. ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, మెడ దగ్గరి కొస వెతికి నా చేతికిచ్చింది. నేను లాగుతుంటే మామ చాయ్ తాగుతూ మెల్లగా తిరిగాడు. కాసేపటికి మెడ విచ్చుకుని స్వెట్టరు భుజాల మీదుగా కిందికి జారింది. అందులోంచి ఆయన కాళ్లతో బయటికి నడిచి, హాయిగా ఒళ్లంతా గోక్కున్నాడు. నేను మిగిలినదంతా విప్పుతూ కూర్చున్నాను. ఒళ్లో వంకీలు తిరిగిన ఊలు కుప్ప పడింది.

"ఇన్ని దినాల పని అంత పాయె అత్తా" అన్నాను.

"ఏడ వాయె? ఊలంత నీ ఒళ్లెనే ఉన్నది గద. నీకు అల్లిక గూడ ఎరుకైంది, దసరాకు ఎరుక లేకుండె." ఉండ చుట్టుకుంటూనే అడిగింది. "గా పరీక్షకు మళ్ల ఫీజు ఎప్పుడు కట్టాలె?"

మర్నాడు నాతోపాటు కాలేజీకి వచ్చింది. లైనులో ఊరికే నిలబడటం ఎందుకని సంచిలో సూదులు తెచ్చుకుంది. మా వంతు వచ్చేలోపు కిటికీ అవతలి గుమాస్తా తన కూతురికి టోపీ అల్లిపెట్టమని చెప్పుకున్నాడు. ఆ వేసవిలో లెక్కలు గట్టెక్కాను, బొటాబొటీ మార్కులతో. కనకత్త మాత్రం నేను జిల్లాకే మొదట వచ్చినట్టు వీధంతా చక్కెర పంచింది.

మామ రిటైరయ్యాక వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. నేను చివరిసారి చూడబోయేసరికి ఆమెకు చూపు బాగా మందగించింది. అరుగు మీద కూర్చుని, వేళ్లతో తడుముకుంటూ ఏదో అల్లుతోంది. అది స్వెట్టరు కాదు, శాలువా కాదు, పొడుగ్గా ఆమె కాళ్ల దగ్గర కుప్పపడి ఉంది.

"ఎవరికత్తా?" అన్నాను.

"ఇంక తెల్వది బిడ్డా. చలి పడ్డంక ఎవరో ఒకలు వణుక్కుంట వస్తరు గద. గప్పుడు కొలత చూసుకుందాం."

ఆ తర్వాతి వానాకాలంలో కనకత్త పోయింది. ఎవరికి, ఎంత అని ముందే తేల్చుకుని గానీ పని మొదలుపెట్టని అలవాటు నాకు ఆ అరుగు మీదే పోయింది. నిరుడు ఊరికే ఒక టోపీ అల్లి ఆఫీసు బల్ల సొరుగులో పెట్టుకున్నాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పసిబిడ్డను ఎత్తుకుని, చలిలో బస్సు దిగి వచ్చింది. టోపీ పెడితే బిడ్డ ముక్కుదాకా దిగింది. వాడు లోపలి నుంచే నవ్వాడు. ఈ ఏడు ముదురు గోధుమరంగుతో ఒకటి మొదలుపెట్టాను. ఎవరికో ఇంకా తెలియదు.