వెనక నుంచి తీసిన సీను

యాగంటి బసవన్న మీద ఒట్టు, నా కెమెరా కన్ను మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. నంద్యాలలో నన్నెరిగిన వాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనీండి.

నేను పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. ఆళ్ళగడ్డ శిల్పుల మీద డాక్యుమెంటరీ తీయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక డైరెక్టరమ్మ నన్ను సాయానికి పెట్టుకుంది. డాక్యుమెంటరీ అంటే నాకు తెలిసింది ఒకటే: ముందర మెల్లగా కదిలే బొమ్మలు, వెనక గంభీరమైన గొంతు. ఆ గొంతు కూడా నేనే ఇద్దామనుకున్నాను.

"గొంతులొద్దు, ప్రశ్నలొద్దు," అందామె. "కెమెరా ఒక మూల పెట్టి ఊరుకుందాం. వాళ్ళు మనల్ని మర్చిపోవాలి."

"పెండ్లిలో అట్ల ఊరకుంటే నన్ను తంతారు మేడమ్."

నిజంగానే మర్చిపోయారు. కొన్నాళ్ళకు మా మీద రాతిపొడి ఎంత పేరుకుందంటే, ఒక ముసలి శిల్పి వచ్చి నా భుజం మీద తువ్వాల ఆరేసి పోయాడు.

షెడ్ల వరుసలో చివరిది మూతబడి ఉండేది. దాని శిల్పి కిందటేడు పోయాడు. లోపల సగం చెక్కిన అమ్మవారు; ముఖం ఇంకా రాయిలోనే ఉంది. ఒకరోజు అతని భార్య తనంతట తానే కెమెరా ముందుకొచ్చి కూర్చుంది.

"ఆ పొద్దు మా ఇద్దరికీ మాటల్లేవు. అన్నానికి రెండు తూర్లు పిలిచినా. పలకలే. నాకూ రోషమొచ్చింది, పెట్టుకోని తినేసినా. సాయంత్రం పోయి చూస్తే రాయి మీదికి ఒరిగి ఉండాడు. నేను పిలిచేటప్పటికి మనిషి ఉండి పలకలేదో, లేకనే పలకలేదో. అదొక్కటి తెలీదు నాకు. మళ్ళొకసారి పిలవాలనిపిస్తాది."

డైరెక్టరమ్మ తన నియమాన్ని తానే పక్కన పెట్టింది. జరిగినదాన్ని మళ్ళీ నటింపజేసి తీసే పద్ధతి కూడా ఒకటుందట. ఆ శిల్పి వీపూ నా వీపూ ఒకే కొలతట. ఆయన చొక్కా తొడిగించి, ఉలీ సుత్తీ చేతికిచ్చి, నన్ను విగ్రహం ముందు కూర్చోబెట్టారు. కెమెరా నా వెనకాల, పిలవడానికి ఆయన భార్య గడపలో.

"అన్నా, ఇట్ల తిరగొద్దు," అందామె. "మొగం చూస్తే నువ్వే గదా అనిపిస్తాది. పలకనూ వద్దు. ఆ పొద్దు పలకలే గదా."

"నేను నోరు మూసుకుంటే మా ఇంట్లో టపాసులు కాలుస్తారక్కా."

ఆమె నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం. అన్నాల వేళయ్యి చుట్టుపక్కల ఉలి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాది మాత్రమే మిగిలింది. ఎండాకాలం, ఫ్యాను లేదు, అయినా మెడ వెనక చల్లగా తగులుతోంది.

"ఏమయ్యా, అన్నం తిందువు రా."

సుత్తి ఆపుదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. ఉత్తుత్తిగా తడుతున్నాననే అనుకుంటున్నాను. చూస్తే రాతిలో అమ్మవారి ముక్కు తేలుతోంది. నా జన్మలో నేను ఉలి పట్టింది లేదు.

"ఏమయ్యా... నిన్నే."

ఆ గొంతులో వణుకు విని ఉండబట్టలేక నేనే పలికాను. "వస్తాండా. నువ్వు తిను."

ఆమె గడపలో కూలబడింది. "అంతే అంటాడు," అంది. "ఎప్పుడూ అంతే అంటాడు." ఇంటికి పోయి, కంచంలో అన్నం పెట్టుకొచ్చి, అక్కడే గడపలో కూర్చుని తినింది. ఎవరూ కెమెరా ఆపలేదు.

తరవాత డైరెక్టరమ్మ నన్నడిగింది, ఆ సీను కింద 'ఇది నటన' అని వేయాలా వద్దా అని. వేయమన్నాను.

ఒట్టు పెట్టుకున్నాక కూడా ఒక అబద్ధం రాశాను, ఒప్పుకుంటాను. చల్లదనం నిజం. ముక్కూ నిజమే, ఆళ్ళగడ్డ పోతే ఇప్పటికీ చూడొచ్చు. నేను పలికాననడమే కల్పన. పలకొద్దని శిల్పి భార్య అంది, నేను పెదవి మెదపలేదు. ఆ మాట రాయి వైపు నుంచి వచ్చింది. నేనే అన్నానని డైరెక్టరమ్మకు చెప్పాను, ఇంట్లో చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పబోయాను.

ఆమెకు మాత్రం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.