రెండు గంటల పది నిమిషాలకు కనిపించిన లార్డ్ హౌ దీవి

సిడ్నీలో చదువుకునే రోజుల్లో, యూనివర్సిటీ లైబ్రరీలో దొరికిన ఒక పాత పుస్తకం ముందేసుకుని, గురువెవరూ లేకుండానే సముద్రంలో దారి లెక్కగట్టడం నేర్చుకున్నాను. ఆ లెక్క చెప్పిన చోట నిజంగా నేల కనిపిస్తుందా అన్న సందేహమే నన్ను లార్డ్ హౌ దీవికి బయలుదేరదీసింది. సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో మా పక్కింటి జోసెఫ్ అంకుల్‌ది కాకినాడ. పడవ ఇంజన్లు బాగుచేసేవారు. తనకు తెలిసిన గ్రాహం అనే పెద్దాయన తెరచాప పడవలో నాకూ చోటిప్పించారు. తిండికీ డీజిలుకీ నా వాటా మూడు వందల డాలర్లు.

నేనూ అంకులూ సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో ఉదయం రైలెక్కి, వాచోప్‌లో దిగి, బస్సులో గ్రాహం పడవ ఉన్న పోర్ట్ మెక్వారీ రేవు చేరాము. అక్కడి నుంచి దీవి తూర్పున దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. దీవి దగ్గర పడవ కట్టుకోవడానికి ముందే అనుమతి కావాలి, గ్రాహం తీసుకున్నారు. గాలి అనుకూలిస్తే మూడు రోజుల ప్రయాణం. మాకు నాలుగు పట్టింది. ఆ పడవకొక ఆచారం ఉండేది: నేలను మొదట చూసినవారే, ప్రయాణ వివరాలు రాసే లాగ్‌బుక్కులో సమయం వేసి తమ పేరు రాయాలి. వాంతులు చేసుకుంటూ కూడా గంటగంటకూ మేమున్న చోటును నేను లెక్కగట్టి పటంలో గుర్తు పెట్టుకున్నది ఆ ఒక్క వరుస కోసమే.

నాలుగో రోజు మధ్యాహ్నం 2:10కి, నా లెక్క చెప్పిన దిక్కులోనే, మబ్బు కింద నీలంగా ఒక ముక్క. మబ్బు జరిగింది; అది జరగలేదు.

"అంకుల్, దీవి! గ్రాహం గారిని లేపనా?"

"పెద్దాయనకిప్పుడే కునుకు పట్టిందిరా. నీ దీవేమన్నా మునిగిపోద్దా? లేచాక చెబుదువులే."

పెద్దలను నిద్రలేపకూడదని నేర్చుకుని పెరిగినవాణ్ణి. సమయమూ దిక్కూ నా నోట్‌బుక్కులో రాసుకుని కూర్చున్నాను. మూడింటికి గ్రాహం ఆవులిస్తూ పైకొచ్చి, "ల్యాండ్ హో!" అని, నేల కనిపించినప్పుడు నావికులు పెట్టే కేక పెట్టి, తన పేరు రాసేసుకున్నారు. నోట్‌బుక్ చూపించాను.

"అరవకపోతే చూడనట్టే, మేట్," అని నవ్వారు.

అంకుల్ టీ కలుపుతూ తలెత్తలేదు. నాకు గ్రాహం మీదకన్నా ఆ వంచిన తల మీదే ఎక్కువ మండింది. దీవిలో ఉన్న మూడు రోజులూ దాని దక్షిణ కొసన నిలబడ్డ రెండు కొండల అందం నా కంటికి ఆనలేదు.

"బోటు ఆయనదిరా. ఒక్క వరుస కోసం ఇంత అలకేంటి?"

"ఆ వరుస నాది, అంకుల్."

తిరుగు ప్రయాణంలో, తెల్లవారుతుండగా ఆస్ట్రేలియా తీరం కనబడగానే గొంతు చించుకుని అరిచాను. గ్రాహం దుప్పటితోనే పైకొచ్చి పెన్ను ఇచ్చారు. నేను పేజీలు వెనక్కి తిప్పి, ఆయన పేరు పైనున్న ఖాళీలో 2:10 అని వేసి, నా పేరు రాశాను.

"ఏయ్, ఇవాళ్టిది రాయి!" అన్నారు గ్రాహం.

అంకుల్ నా చేతిలోని పెన్ను తీసుకుని, ఆ వరుస పక్కనే సాక్షిగా సంతకం పెట్టారు. "వీడే ముందు చూశాడు, గ్రాహం. లేపొద్దన్నది నేను."

ఇరవై ఏళ్లు దాటినా, ఆ యాభై నిమిషాల మౌనం మీద నా కోపం చల్లారలేదు. నా కళ్లు చూసినదాన్ని మరొకరు లేచేదాకా దాచిపెట్టడాన్ని నేను మర్యాద అనుకున్నాను. అది మర్యాద కాదు. మీరూ అటు వెళ్తుంటే ఒక్క సలహా: నోట్‌బుక్ తప్పక తీసుకెళ్లండి, కానీ నేల కనిపించినప్పుడు అది తెరవకముందే, నిద్రపోతున్నవారు ఎంత పెద్దవారైనా సరే, లేపండి.