శ్రీ మీద పడని తారు

హిందీ రాష్ట్రంలోని మా ఊళ్లో ఈ ఉదయం మా చిన్న తమ్ముడి కిరాణా దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలకు ఎవరో తారు పూశారు. కింద హిందీ పేరు అలాగే ఉంది. నా పూజ ముగిసేలోపే తమ్ముడు ‘దోర్నపాల్‌లో తెలుగుకు అవమానం’ అని వీడియో పెట్టేశాడు. తన వీడియోలు ఎవరూ చూడరని వాడికి చాలాకాలంగా బాధ. దీన్ని మాత్రం మధ్యాహ్నానికి ఊరంతా చూసింది.

చూసిన తెలుగువాళ్లు పక్క పాన్ దుకాణం హిందీ ఆయన్ని తిట్టడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి మా పూజకు తమలపాకులు ఇస్తున్న మనిషి. భయపడి షట్టర్ దించుతున్నాడు. వెళ్లి పలకరిస్తే, “దీదీ, ఆ అక్షరాలు నాకు చదవడమే రాదు” అన్నాడు.

అప్పుడు బోర్డును దగ్గరగా చూశాను. పేరంతా నలుపే. ముందున్న ‘శ్రీ’ మీద మాత్రం చుక్క పడలేదు. కుంచె దాని చుట్టూ జాగ్రత్తగా తిరిగి వెళ్లింది.

“తెలుగు రానోడికి శ్రీ ఏదో ఎట్ల తెలిసిందిరా?” అని తమ్ముణ్ని అడిగాను.

“ఏందక్కా, నా మీదనే శక్ పడుతున్నవా?”

“నీ మీద కాదు. నేను నేర్పిన చదువు మీద.”

పలక మీద శ్రీ రాయించి, కళ్లకు అద్దుకోకుండా చెరపకూడదని చిన్నప్పుడు వాడికి చెప్పింది నేనే.

వాడు ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయాడు. వీడియో ఇంకా తీసేయలేదు. సాయంత్రం తమలపాకులు లేకుండానే దీపం పెట్టాను. బోర్డు ఫోటో ఇక్కడ పెడుతున్నాను. ఇంత భక్తి ఉన్న శత్రువు మనకు ఎక్కడి నుంచి వచ్చాడో మీరే చెప్పండి.