వంతెన అవతల కొన్న తాళం

ఆమెను అందరూ కర్టెన్లక్క అంటారు. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలిచి, అక్కడే తెరలు కుట్టి, తగిలించి వస్తుంది. చిన్న కుట్టుమిషన్ సైకిల్ క్యారియర్ మీద రేకుపెట్టెలో ప్రయాణిస్తుంది. పెట్టె పిడినీ వెనక చక్రాన్నీ కలిపి ఒకే తాళం వేయడం ఆమె పద్ధతి. "తాళాలు రెండయితే మతిమరుపూ రెండింతలే" అంటుంది.

ఆ తాళం చెల్లెలు కొనిపెట్టింది. చెల్లెలిది నది అవతలి దేశం. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డున ఆరేసిన బట్టలు గాలికి ఊగడం కనిపిస్తుంది.

ఆ ఉదయం తాళంచెవి లోపలికి వెళ్లింది గాని తిరగలేదు. కంటి ఆపరేషన్ చేయించుకున్న పంతులుగారు సాయంత్రం ఇంటికి వస్తున్నారు. పడమటి ఎండంతా ఆయన గదిలోకే. మందపాటి తెరలు ఇవాళే కుట్టాలి. మిషనేమో పెట్టెలో, పెట్టె తాళంలో.

ఊళ్లోనే ఆ తాళం కంపెనీ దుకాణం ఉంది. అద్దంలో అచ్చం అదే తాళం మెరుస్తోంది.

"వారంటీ ఉందండీ, కాని కొన్న దేశంలోనే చెల్లుతుంది" అన్నాడు కౌంటరు మనిషి.

"నది దాటితే ఇనుము జాతి మారుతుందా నాయనా?"

"రూలండీ."

"పోనీ, కోయించుకుంటాను."

"కోస్తే వారంటీ పోతుందండీ."

చెల్లెలికి ఫోన్ చేసి, వెనక చక్రం పైకెత్తి పట్టుకుని వంతెన ఎక్కింది. కింద నీళ్లు ఎవరినీ అడక్కుండా రెండు దేశాలనూ తడుపుతూ పోతున్నాయి. కాపలావాడు ఆపాడు.

"తాళం వేసిన సైకిల్ ఎత్తుకుపోతున్నావేంటమ్మా?"

"నాదే బాబూ."

"నీదైతే తాళం తియ్యి."

"తియ్యగలిగితే నీ మొహం చూసే కర్మ నాకెందుకు!"

చెల్లెలు ఎదురొచ్చింది. "మా అక్కండీ. దొంగయితే ఇంత రుబాబు చేస్తుందా?" కాపలావాడు నవ్వాపుకుని వదిలేశాడు.

అవతలి దుకాణంలోవాడు మరీ మర్యాదస్తుడు. "కొన్నది ఇక్కడే. కాని వాడింది అక్కడ కదండీ. వాడుక కూడా ఇక్కడే ఉండాలి."

కర్టెన్లక్కకు చెవుల దాకా వేడెక్కింది. "అయితే వంతెన మధ్యలో కాపురం పెట్టమంటావా?"

"పై ఆఫీసుకి పంపిస్తానండీ. వారంలో ఏదో ఒకటి చెప్తారు."

"ఓపిక పట్టక్కా, కొత్తది ఇస్తారేమో" అని చెల్లెలు గొణిగింది.

"నేను పడతానే. పంతులుగారి కళ్లు పట్టవు."

పక్కనున్న వెల్డింగ్ షాపులో రంపం అడిగి తెచ్చి, ఆ దుకాణం గడపలోనే చతికిలబడింది. చెల్లెలు చక్రం కదలకుండా పట్టుకుంది.

"అమ్మా, వారంటీ!" అని అరిచాడు లోపలివాడు.

"అది నీ గల్లాపెట్టెకు వేసుకో!"

వాదించినంత సేపు కూడా పట్టలేదు, తాళం తెగిపోయింది. అది చూసి ఆమెకు ఇంకా మండింది. సొంత తాళంచెవికి తలొగ్గనిది రంపానికి ఎంత వినయంగా రెండయిందో! దొంగకే వారంటీ ఇచ్చినట్టున్నారు వీళ్లు.

పంతులుగారిని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించే వేళకు ఆమె ఆఖరి తెర తగిలిస్తోంది. ఎండ గుడ్డ వెనక ఆగిపోయి, గదిలో చల్లని నీడ పరచుకుంది.

"ముందుగదిలో ఈ తాళం లేని సైకిలేంటమ్మా?" అన్నది పంతులుగారి భార్య.

"బయట పెడితే ఏ దేశందో అడుగుతారండీ" అంటూ ఆమె దారం పుటుక్కున కొరికింది.