డెఫ్ ఫైలులో ఎనిమిదో నంబరు

2011. తెలంగాణ కోసం సమ్మె జోరు మీద ఉంది. తొర్రూరు రోడ్డు మీద బస్సు కనిపించి చాలా రోజులైంది. నేనప్పుడు అక్కడి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పనులు చూసేవాణ్ని.

పాత విద్యార్థుల వివరాలన్నీ కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లోనే ఉండేవి. రిజిస్టర్లను చెదలు ఏనాడో తినేశాయి. సమ్మెకు రెండు రోజుల ముందే ఆ ప్రోగ్రాములను డీఎల్ఎల్‌గా, అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకునే కట్టగా మార్చి, కొత్త స్క్రీన్ అమర్చాం. ఏ పనిని ఏ నంబరుతో పిలవాలో చెప్పే చిన్న జాబితాయే డెఫ్ ఫైలు. దాన్ని రాసింది మా క్లర్కు యాదగిరి. నా దగ్గరే కోబాల్ నేర్చుకున్నాడు. ఓపికలో నాకంటే చాలా మేలు.

ఒక ఉదయం పెద్దవంగర వైపు తండా నుంచి హర్యా, మా కాలేజీలోనే ఇంటర్ చదివిన తన కూతురు అనితతో నడిచి వచ్చాడు. ఆమెకు నర్సింగులో సీటొచ్చింది. ఆ సాయంత్రంలోగా వరంగల్‌లో టీసీ ఇవ్వకపోతే సీటు పోతుంది. మధ్యాహ్నం ఒక లారీ అటు వెళ్తోంది. అది తప్పితే వేరే దారి లేదు.

టీసీ బటన్ నొక్కాను. ఎనిమిదో నంబరు దొరకలేదంది స్క్రీన్. డెఫ్ ఫైలు తెరిస్తే, ఏడు తర్వాత తొమ్మిది ఉంది.

"యాదన్నా, ఎనిమిదేది?"

"వద్దనుకున్న సార్. ఎనిమిది శనిది. పిల్లల కాయిదాలకు గా నంబరెందుకని టీసీకి తొమ్మిది ఇచ్చిన."

"స్క్రీన్ ఎనిమిదినే పిలుస్తది గద! శనికి కోబాల్ వస్తదా?"

నాకు మండిపోయింది. దీక్షా శిబిరాల్లో మూఢనమ్మకాల మీద గంటలకొద్దీ మాట్లాడుతున్నాను. నా పక్క కుర్చీలోనే ఇది! నోటికొచ్చినట్టు తిట్టాను. యాదగిరి తల వంచుకున్నాడు.

హర్యా అడ్డొచ్చాడు. "తిట్టకు సార్. గీ పిల్ల నాకు ఎనిమిదో సంతానం. శని అని తండాల ఇడిసిపెట్టి రాలె గద నేను."

"ఇప్పుడన్న నా నంబరు ఎయ్యి అన్నా" అంది అనిత, యాదగిరితో నవ్వుతూ.

యాదగిరి కీబోర్డు తనవైపు లాక్కుని, తన చేత్తోనే తొమ్మిది చెరిపి ఎనిమిది కొట్టాడు. డీఎల్ఎల్‌ను మళ్లీ తయారుచేశాం. టీసీ ప్రింటయ్యింది. తండ్రీకూతుళ్లను స్కూటర్ మీద తీసుకెళ్లి లారీ ఎక్కించి వచ్చింది కూడా యాదగిరే.

వచ్చాక మెల్లగా అడిగాడు: "నేను నంబరు మార్చిన, సరే. మీరు గా బటన్ ఒక్కపారి నొక్కి చూడలేదా సార్?"

చూడలేదు. యాదగిరి రాస్తే తప్పుండదని మొదటి ఏడు బటన్లు నొక్కి చూసి ఆపేశాను. పరీక్షించకుండా నమ్మాను. అతను శనిని నమ్మాడు, నేను అతన్ని నమ్మాను. యంత్రానికి రెండూ ఒకటే. అతని నమ్మకాన్ని నేను పోగొట్టానో లేదో తెలియదు. నాది మాత్రం అతను ఆ రోజే పోగొట్టాడు. ఇప్పటికీ కొత్త డెఫ్ ఫైలు రాస్తే చివరి నంబరు దాకా నొక్కి చూస్తాను. ఎనిమిదిని రెండుసార్లు.