పున్నమికి పడవ ఒడ్డునే ఉంటుంది

ఈ ఉదయం ఫిషింగ్ హార్బర్‌లో, ఐసు దంచే చప్పుడు మధ్య, ఎవరో తన తోటివాణ్ణి "లూనటిక్‌వేటిరా నువ్వు!" అని కేకేశాడు. ముక్కుకు పచ్చి చేపల వాసన, చెవికి ఆ మాట. రెండూ కలిసి నన్ను గ్రేసమ్మ టీచర్ ముందు నిలబెట్టాయి.

ఆవిడ వన్ టౌన్ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. నా తొమ్మిదో తరగతిలో ఆ మాట పాఠంలో తగిలింది. "లూనటిక్ అంటే పిచ్చివాడు. లాటిన్‌లో చంద్రుడి పేరు నుంచి పుట్టింది. పిచ్చినీ మూర్ఛనీ చంద్రుడే తెస్తాడని పాతకాలం వాళ్ళు నమ్మారు. ఆ మాటను చట్టాల్లోకీ ఎక్కించారు. ఇప్పుడు తెలివితక్కువ పని చేసినవాణ్ణల్లా అలా తిడుతున్నారు" అన్నారు. నేను లేచి, "నిజమే టీచర్, మా అక్కకి పున్నమికే వత్తాది" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

మా అక్క నూకరత్నం ఉన్నట్టుండి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకునేది. రాబోయే పున్నమికి ఆమెను ఒక భూతవైద్యుడి దగ్గర గొలుసుతో కట్టిస్తానని నాన్న మాట ఇచ్చేశాడు. చంద్రుడి మీద మోపిన అబద్ధాన్ని మా అక్క మణికట్లు మోయాలన్నమాట! నన్ను అడిగి ఈ సంగతంతా తెలుసుకుని, ఆ సాయంత్రమే టీచర్ జాలరిపేటలోని మా ఇంటికి వచ్చారు.

"పున్నమికే వస్తుందని ఎలా తెలుసు తమ్ముడూ?" అని నాన్నను అడిగారు.

"కళ్ళారా సూసాను కదా టీచరమ్మా."

"మిగతా రోజుల్లో ఎక్కడుంటావు?"

"ఏటకెల్తాను, సముద్రం మీద. పున్నమి ఎన్నెల్లో వలని సేప సూసేత్తాది. అందుకని పడవ ఒడ్డునే..."

నాన్న ఆగిపోయాడు. పొయ్యి దగ్గరి నుంచి అమ్మ అందుకుంది: "మొన్న అమాసకీ పడింది. నాను సెప్తే ఇన్నావా?" మూల కూర్చున్న అక్క మెల్లగా, "నన్నెవలైనా అడిగారేటి?" అంది.

టీచర్ ఒక్క నెల గడువు అడిగారు. అక్క పడిన ప్రతి రోజూ గోడ క్యాలెండర్ మీద గీత పెట్టమని అమ్మకు పెన్సిల్ ఇచ్చారు. నెల చివర నాలుగు గీతలున్నాయి. పున్నమి గడి ఖాళీ. నాన్న ఆ కాగితం చూసి, చొక్కా తొడుక్కుని, అక్కను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. మూర్ఛ వ్యాధికి మాత్రలిచ్చారు. మూడో నెల అమ్మకు పెన్సిల్ అవసరం పడలేదు. గొలుసు అక్క చేతుల్ని తాకనేలేదు. ఆ తలపుకు ఇప్పటికీ నా గుండె తేలికపడుతుంది.

తర్వాత ఎన్నో వేదికల మీద మూఢనమ్మకాలతో గొంతు చించుకుని పోట్లాడాను. "నా కళ్ళతో చూశాను" అని ఎవరైనా అంటే మాత్రం గొంతు తగ్గించి, మిగతా రోజుల్లో ఎక్కడున్నారని అడుగుతాను. ముందు నన్ను నేను అడుగుతాను. ఆ రోజు క్లాసులో లేచి నిలబడినవాణ్ణి నేనే కదా.

ఇవాళ ఆ తిట్టు విని, దాని పుట్టుక నా నోట ఎప్పుడో విన్న అక్క చేపల తట్ట ముందు నుంచి తలెత్తింది. "ఒరే, సందమామేటి సేసాడ్రా మద్దిలో?" అని నవ్వి, మళ్ళీ బేరంలో పడింది.